పారిస్‌లో లాటరీకి పెట్టిన టైపు మిషను

నాకు దస్తూరి లేదు. సన్యాసిని కొట్టినా, దగాకోరు కొట్టినా నా అక్షరాలు ఒకేలా పడతాయి. అమెరికా నుంచి ఫ్రాన్సుకు వచ్చిన టైపు మిషన్ని. 1897 ఏప్రిల్ 19 సాయంత్రం పారిస్ జియోగ్రాఫికల్ సొసైటీ హాల్లో నన్ను లాటరీకి పెట్టారు. జనం కిక్కిరిసింది నా కోసం కాదు, డయానా వాన్‌ని కళ్లారా చూడ్డానికి. వచ్చినవాళ్ల చేతికర్రలూ గొడుగులూ గుమ్మం దగ్గరే తీసి పెట్టించారు. ఎందుకో కాసేపట్లో తెలిసింది.

ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘంలో పల్లాడియం అని ఇంకా లోతైన శాఖ ఒకటుందనీ, అక్కడ లూసిఫర్‌ని కొలుస్తారనీ, డయానా అందులో పెద్ద పూజారిణి అనీ, 1895లో మనసు మారి కాథలిక్కుల్లో కలిసిందనీ కథ. ఆమె జ్ఞాపకాలు సంచికలుగా వచ్చేవి. రోము నుంచి ఒక కార్డినల్ ఆశీస్సులు రాసి పంపాడు. లిజియూ మఠంలో తెరేజ్ అనే చిన్న సన్యాసిని డయానా ప్రస్తావనతో నాటిక రాసింది, జోన్ ఆఫ్ ఆర్క్ వేషంలో తీయించుకున్న తన ఫొటో కూడా పంపింది. ఆ ఫొటోనే ఆ సాయంత్రం తెర మీద వేశారు. ఇదంతా నడిపించిన లియో టాక్సిల్ మిగతావాళ్లను బురిడీ కొట్టించాడంటే నవ్వుకుంటాను గానీ, క్షయతో తీసుకుంటున్న ఆ పిల్ల విషయంలో అతన్ని క్షమించలేను.

మరి వాళ్లు నమ్మింది ఎలాంటి సరుకు! 1892 నుంచి ఈ కట్టుకథలో భాగంగానే డాక్టర్ బతాయ్ పేరుతో భాగాలు భాగాలుగా వెలువడిన పుస్తకంలో రెక్కల మొసలి పియానో వాయిస్తుంది. జిబ్రాల్టర్ కొండ కింద దయ్యాల కర్మాగారం. మన పుదుచ్చేరిలో లూసిఫర్ గుడి. వీటన్నిటి మీదా పెత్తనం అమెరికాలో చార్లెస్టన్ కేంద్రంగా ఉన్న ఆల్బర్ట్ పైక్‌ది. పైక్ నిజంగా ఉన్నవాడే, మేసన్లలో స్కాటిష్ రైట్ అనే శాఖకు అమెరికాలో ఒక పెద్ద. 1891లో పోయాడు, ఇక కాదనేందుకు నోరెక్కడిది!

మేసన్లు కలిసే లాడ్జి లోపల నిజంగా జరిగేది రాస్తే కాణీకి కొనరు. ఏప్రన్లు, మూలమట్టం, సంకేతపు కరచాలనాలు, సొలొమోను ఆలయ నిర్మాణం చుట్టూ అల్లిన ఒక నాటకం, కిందటి సమావేశపు మినిట్స్ చదవడం, చందాల వసూలు, ఆ తర్వాత విందు. తలుపులు మూసుకుంటారు, ప్రమాణాలు చేస్తారు, నిజమే. బయటివాళ్ల ఊహకు మేత పెట్టింది ఆ మూసిన తలుపే. ఇంకో తమాషా చూడండి. ఇంగ్లండు లాడ్జీల్లో చేరాలంటే పరమాత్మ మీద నమ్మకం ఉండాలి. ఫ్రాన్సులోని గ్రాండ్ ఓరియంట్ 1877లో ఆ నిబంధనే తీసేసింది. మేసన్లని దేవుణ్ణి నమ్మనివాళ్లంటూ తిట్టిపోసిన నోళ్లే, వాళ్లు దయ్యాన్ని మాత్రం భక్తితో కొలుస్తారని అన్నాయి. ఇదెలా కుదురుతుందని హాల్లో ఒక్కరు ముందే అడిగి ఉంటే ఆ సాయంత్రపు సభే అక్కర్లేకపోయేది.

లాటరీ అయ్యాక టాక్సిల్ లేచాడు. పన్నెండేళ్లుగా ఇదంతా తన పరిహాసమేనన్నాడు. కుర్రతనంలో మార్సెయ్ రేవులో సొరచేపలు తిరుగుతున్నాయని ఊరిని హడలగొట్టిన ఘనుడు. 1881లో తనే మేసన్‌గా చేరి, తొందర్లోనే గెంటించుకున్నవాడు కూడా. డయానా ఒక అమెరికన్ టైపు మిషన్ల కంపెనీ ప్రతినిధి అట. నెలకు 150 ఫ్రాంకులిస్తే అతను రాసిచ్చిన పాఠాలను టైపు చేసి, ఉత్తరాలకు తిరగరాత ప్రతులు తీసేదట. అంటే పూజారిణి మా బాపతు మనిషే! హాలు భగ్గుమంది. టాక్సిల్‌ని పోలీసులు కాపలాగా బయటికి తీసుకుపోయారు. కర్రలు ముందే లాక్కోవడం ఎంత మంచిదైందో.

నన్ను గెలుచుకున్నది ఇస్తాంబుల్ పత్రిక ఇక్దామ్‌కు పారిస్ నుంచి రాసే అలీ కెమాల్. ఆ పత్రిక లిపి కుడి నుంచి ఎడమకు పోయేది, నేను ఎడమ నుంచి కుడికి. ఆయన పత్రికకు నేను బొత్తిగా పనికిరాలేదు.

టాక్సిల్ ఒప్పుకోలు ఏ పాటి పనిచేసిందంటారా? మేసన్లు డబ్బిచ్చి అలా చెప్పించారన్నారు కొందరు. అసలు డయానాను వాళ్లే మాయం చేశారన్నారు ఇంకొందరు. లూసిఫరే దేవుడని పైక్ 1889లో ఆదేశం ఇచ్చాడంటూ ఆ రోజుల్లో అచ్చయిన మాటల్ని నేటికీ ఎత్తి చూపేవాళ్లున్నారు. కింద పైక్ పేరుంటుంది, టాక్సిల్ పేరుండదు.