సదరు ఏజెంటు గారు

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. వాడి ఫ్లాటు కూకట్‌పల్లిలో ఉంటుంది. ఈ రెంటి మధ్యా నేనుంటాను. నా హోదా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు భాషలో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరు. మా ఆవిడ భాషలో “మా తమ్ముడికి ఆ మాత్రం చెయ్యలేరా?”

ఆ జీపీఏ హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ ముద్ర వేయించుకుని కొరియర్‌లో దిగింది. దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. అందుకు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో నిలబడిందీ నేనే. అధికారం కంటే చాకిరీ ముందొచ్చింది.

దస్తావేజు మాత్రం మహా దర్జాగా ఉంది. అద్దెకివ్వచ్చు, ఖాళీ చేయించవచ్చు, పన్ను కట్టవచ్చు, వకాల్తా మీద సంతకం పెట్టవచ్చు. చివర్న ‘సదరు ఏజెంటు చేసిన పనులన్నీ నేను స్వయంగా చేసినట్లే ఒప్పుకొని కట్టుబడి ఉండగలవాడను’ అని ఉంది. ఈ వాక్యమంటే నాకు ప్రాణం. పార్కింగు గొడవలో అసోసియేషన్ సెక్రటరీని నాలుగు మాటలన్నాను. కాగితం ప్రకారం ఆ మాటలన్నది డల్లాస్‌లో గురకపెడుతున్న మావాడు!

జీతం ఊసెత్తకండి. ఏజెన్సీకి ప్రతిఫలం అక్కర్లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 185వ సెక్షన్ చెబుతోంది. అది రాసిన దొరగారికీ దూరదేశంలో ఓ బావమరిది ఉండే ఉంటాడు. పోనీ మా అబ్బాయిని పంపుదామా అంటే, స్వయంగా చేస్తానని ఒప్పుకున్న పనిని ఇంకొకరికి అప్పగించకూడదని 190. అడిగినప్పుడు లెక్క చెప్పాలని 213. మావాడు ఆదివారం తెల్లారకుండానే అడుగుతాడు. అక్కడ శనివారం సాయంత్రం కదా, తీరిక.

“బావగారూ, ప్లంబరుకి ఎనిమిది వందలా? ఏం మార్చాడు?”

వాషరు మార్చాడు నాయనా. ఫొటో పంపాను. పాత వాషరు ఫొటో కూడా పంపమన్నాడు. దాన్ని కవర్లో వేసి, పైన తేదీ రాసి, బీరువాలో పెట్టాను. రేపు ఆడిటంటే?

“పవర్ మీ చేతిలోనే ఉందిగా, ఫ్లాటు మీదే అనుకోండి” అంటాడు ఎదురింటాయన. జీపీఏతో యాజమాన్యం రాదని, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పైగా నా కాగితంలో అమ్మే అధికారం రాయనే లేదు. మావాడు తెలివైనవాడే.

ఇచ్చినవాడికి మతి తప్పితే పవర్ దానంతటదే పోతుందని అదే కాంట్రాక్టు చట్టం 201. పెద్దవయసులో అక్కరకొస్తుందని పిల్లలకి జీపీఏ రాసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ సెక్షనొకటి చూసుకోవాలి. సరిగ్గా అవసరం పడ్డ రోజునే అది చెల్లదు. నా వరకైతే ఇదొక్కటే ఆశ. రుజువుగా బీరువాలో వాషరుంది.

మొన్న డిసెంబర్లో మావాడు సెలవు మీద వచ్చాడు. అద్దెవాళ్లు ఖాళీ చేశారు కదాని పెట్టెలతో నేరుగా ఫ్లాటుకే వెళ్లాడు. గేటు దగ్గర్నుంచి ఫోను.

“బావగారూ, వాచ్‌మన్ లోపలికి పోనివ్వట్లేదు. ఓనరు గారు చెప్పాలంట.”

“ఓనరువి నువ్వేగా!”

“అదే చెప్పాను. ఓనరు గారిది తెల్లజుట్టు, స్కూటీ మీద వస్తారు అంటున్నాడు.”

ఇంతలో ఫోను వాచ్‌మన్ చేతికి వెళ్లింది.

“నమస్తే ఓనరు సార్. ఈయనెవరో మీ తాలూకట. పంపమంటారా?”