తాతకూ టికెట్టేనా?

పెళ్లి పంక్తిలో విస్తట్లో పప్పు పడకముందే పక్కనున్నాయన మీవైపు తిరిగి, "మీ ముత్తాత పేరేంది?" అని అడిగాడనుకోండి. ఉద్యోగం గురించి కాదు, జీతం గురించి కాదు, పిల్లాడి ర్యాంకు గురించి కూడా కాదు. మీరు తాత పేరు టక్కున చెప్పేసి, ముత్తాత దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. అప్పుడాయన మొహంలో ఒక తృప్తి కనబడుతుంది. అదే గుర్తు. మీరు వంశవృక్షం మనిషి పక్కన కూర్చున్నారు. గారెలు వచ్చేదాకా మీకు విడుదల లేదు. వచ్చాక కూడా పెద్దగా ఉండదు.

ఇలాంటివాళ్లు ఇప్పుడు ఊరికొకరైనా తయారయ్యారు. రిటైరై ఉంటారు, కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు, చేతిలో ట్యాబు ఉంటుంది, ఒంట్లో బీపీ ఉంటుంది. మా మునగాలకు దక్కినాయన్ని ఊరంతా మామ అంటారు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా దిగిన మనిషి. సూర్యాపేట–కోదాడ రోడ్డు మీద ఆయన చెయ్యెత్తితే బస్సు ఆగాల్సిందే. ఒక డోరులో ఎక్కి ఇంకో డోరులో దిగేలోపు టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మామకు ఈ పిచ్చి 2016 ఆగస్టులో, కృష్ణా పుష్కరాల్లో అంటుకుంది. మట్టపల్లిలో పిండాలు పెడుతుంటే పంతులుగారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడిగారు. అక్కడిదాకా గట్టెక్కాడు. తల్లి వైపు అడిగేసరికి ఆగిపోయాడు. వెనక జనం తోసుకుంటున్నారు. పంతులుగారు "తెలియకపోతే ఫర్వాలేదు, కానియ్యండి" అన్నారు. ఆ "ఫర్వాలేదు" మామకు గుచ్చుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరితోనూ ఆ మాట అనని మనిషి.

ముందు దాయాదుల్ని అడిగాడు. అక్కడే బోల్తాపడ్డాడు. మా వైపు వంశవృక్షమనే కాగితం పుణ్యానికి ఎవరూ గీయరు. పట్టా మార్పిడికి గీస్తారు, కోర్టు దావాకు గీస్తారు, పెద్దాయన పోయాక తాసిల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం గీస్తారు. అలాంటిది ఏ కేసూ లేకుండా ఒక మనిషి గడప తొక్కి "మన ముత్తాతకు ఎంతమంది కొడుకులు?" అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? చెరువు కింది మడి మీద కన్ను పడిందనిపిస్తుంది. ఒక చిన్నాయన అయితే "ముత్తాతా? మనకు ముత్తాత లేడు" అని తేల్చేసి లోపలికి పోయాడు. ఆ సాయంత్రమే పాత పట్టాపాస్‌బుక్కు పెట్టెలోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడని తర్వాత తెలిసింది.

ఇక డల్లాస్ నుంచి కొడుకు కల్పించుకున్నాడు. "నాన్నా, దీనికి సైట్లున్నయి. ప్రపంచమంతా రికార్డులు అందులోనే పెట్టిన్రు. రెండు వారాలు ఫ్రీ."

"ఫ్రీ అయితే కార్డు నంబరు ఎందుకు అడుగుతుందిరా?"

"ఊరికే, ఫార్మాలిటీ."

మామ జీవితంలో అడిగిన అతి తెలివైన ప్రశ్న అదే. ఆ జవాబుతో సరిపెట్టుకున్నాడు.

రెండు వారాలు అన్నం కూడా ట్యాబు పక్కనే. అయితే ఆ సైటు కట్టినవాళ్లకు మన చుట్టరికాలు తెలియవు. మనవడికి తాత పేరు పెట్టుకోవడం మనకు ఆనవాయితీ. మామ ముత్తాత రామయ్య. ఆ రామయ్య తండ్రి వెంకయ్య, కొడుకూ వెంకయ్యే. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ ఇద్దరు వెంకయ్యలూ ఒకరే కావచ్చు, కలపమంటారా? మామ మర్యాదకు సరేనన్నాడు. ఆ ఒక్క నొక్కుతో వెంకయ్య తనకు తానే తాతయ్యాడు, నడుమనున్న రామయ్య కన్నతండ్రికి తండ్రయ్యాడు. దాన్ని విడదీయడానికి డల్లాస్‌లో కొడుకు సెలవు పెట్టాల్సి వచ్చింది.

అది చక్కబడేలోపు ఇంకోటి. మామ చేసుకున్నది సొంత అక్క కూతుర్ని. అంటే తోబుట్టువే అత్తగారు, బావగారే మామగారు. మనకిది నోరు తిరిగిన లెక్క. సైటు మాత్రం ఆ గీత గీయగానే ఎర్రగా హెచ్చరిక వేసి, ఈ బంధంలో పొరపాటున్నట్టుంది, సరిచూసుకోండి అంది. వంటింట్లోంచి అత్తమ్మ ఒక్కసారి తొంగిచూసింది. "మా పెండ్లి తప్పంటదా? శుభలేఖ చూపియ్యి దానికి."

ఇంతలో అసలు ముచ్చట వచ్చింది. ఒక రాత్రి తెర మీద చిన్న కబురు: వెంకయ్య, తండ్రి రామయ్య, జిల్లా కిస్ట్నా, నటాల్ వెళ్లిన ఓడ జాబితా. ఆ కింద ఉన్నదంతా మంచు పట్టినట్టు మసక. మామకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అప్పటి మునగాల కృష్ణా జిల్లాలోనే ఉండేది, ఆ జిల్లాను ఇంగ్లీషువాళ్లు కిస్ట్నా అనే రాసేవాళ్లు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా చెరుకు తోటల్లో కూలికి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లినవాళ్లు 1,52,184 మంది. తమిళులు, తెలుగువాళ్లు, హిందీవాళ్లు. ఎక్కిన ప్రతివాడికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాశారు. మనిషిని పోగొట్టుకోకూడదని కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయితేనేం, ఈనాడు దక్షిణాఫ్రికాలో ఒక తెలుగు మునిమనవడు ముత్తాత ఎత్తెంతో చెప్పగలడు. ఓడెక్కినవాడికి కాగితం మిగిలింది. ఊళ్లోనే ఉండి దున్నుకున్నవాడికి పంతులుగారి "ఫర్వాలేదు" మిగిలింది.

"మా తాత తమ్ముడొకడు అలిగి వెళ్లిపోయిండని మా నాయనమ్మ చెప్పేది" అన్నాడు మామ. ఆ మాట నాయనమ్మ చెప్పగా ఎవరూ వినలేదు. అయినా మసక వెనకున్న మనిషికి అప్పటికే మామ మీసం పెట్టేశాడు, పంచె కట్టేశాడు. మసక తొలగాలంటే సభ్యత్వం కట్టాలి. ఆ ఒక్క రాత్రి ఆగి చూద్దామనుకున్నాడు. ఆగనక్కర్లేకపోయింది. రెండు వారాల గడువు ముగిసి, ఏడాది సొమ్ము డాలర్లలో కోసుకున్నట్టు అర్ధరాత్రి బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది.

తెల్లారి చూస్తే ఆ వెంకయ్యది బందరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. కులం వేరు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మామ ఇంట్లో ఆడవాళ్లే అంతకంటే పొడుగు.

అప్పుడు మొదలైంది పురాణం. హోటల్లో, సెలూన్లో, హైవే మీద బస్సుకు నిలబడ్డ చోట ఒకటే మాట: "మా తాతను చూడ్డానికి నాకు టికెట్టా? వాడెవడు టికెట్ కొట్టడానికి?" వినేవాళ్లు తలలూపేవాళ్లు, లోలోపల నవ్వుకునేవాళ్లు. బారెడు సంచితో బస్సెక్కిన ముసలమ్మను కూడా "ఏదమ్మా టికెట్?" అని అడిగిన నోరది.

ఆయన కోపం తగ్గిద్దామని నేనొకసారి ఇంగ్లండు సంగతి చెప్పాను. అక్కడ నూరేళ్లు దాటితే జనాభా లెక్కల కాగితాలు జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో ఒక ప్రైవేటు సైటులో పెట్టారు. అప్పట్లో కాగితం బొమ్మ చూడాలంటే ఒక్కోదానికి 3.50 పౌండ్లు, టైపు చేసిందయితే 2.50 కట్టాల్సి వచ్చేది. ఇంటి లెక్క రాసిచ్చింది మా ముత్తాతే, దాన్ని మాకే అమ్ముతారా అని అక్కడివాళ్లూ గొణిగారు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు స్వయంగా వెళ్తే మాత్రం ఉచితం. అదే ఏడాది ఏప్రిల్లో అమెరికా 1950 నాటి లెక్కలు అందరికీ ఉత్తపుణ్యానికి తెరిచింది.

"మరి మనవి?" అన్నాడు మామ ఆశగా.

మనకు 1948 నాటి జనగణన చట్టం ఉంది. అందులో పదిహేనో సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు రాసుకున్న కాగితం చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. నూరేళ్ల తర్వాతైనా అనే మాటే లేదు. అంటే మన దగ్గర డబ్బు కడతానన్నా దొరకదు. ఇది విని మామ కాసేపు ఏమీ అనలేదు. టికెట్ దొరకని బస్సు ఆయన సర్వీసులో చూడలేదు. ఉటాలోని మోర్మన్ చర్చి నడిపే ఫ్యామిలీసెర్చ్ ఉచితమని, హరిద్వార్ పండాలు యాత్రికుల వంశాలు రాసుకునే బహీల ఫోటోలు కూడా అందులో ఉన్నాయని చెప్తే అనుమానంగా చూశాడు. "ఊరికే ఇస్తున్నరంటే లోపల ఏదో ఉంటది."

సర్కారు కాగితాల మీద పడ్డాడు. ఇక్కడ మునగాలవాడి గ్రహచారం ఇంకెవరికీ రాకూడదు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మా పరగణా ఒక్కటి తెల్లవాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో. నందిగామ తాలూకా, కృష్ణా జిల్లా. పక్కనే ఉన్న కోదాడ, సూర్యాపేటల్లో భూమి గొడవ వస్తే ఎవరైనా 1954–55 ఖాస్రా పహాణీ తీస్తారు. అది హైదరాబాద్ స్టేట్‌లో రాసింది. అప్పటికి మునగాల ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. తార్నాకలో ఉన్న ఆర్కైవ్స్‌కు పోతే నిజాం దఫ్తరాలు కోకొల్లలు, అన్నీ పారసీలో, ఉర్దూలో. వాటిల్లో అత్తమ్మ పుట్టింటివాళ్లు ఉంటే ఉండొచ్చు, ఎందుకంటే వాళ్లది కోదాడ అవతల. మామ తాత కావాలంటే మద్రాసు ఎగ్మూరు పోవాలి. ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న మొగుడూ పెళ్లాల కాగితాలు రెండు రాజ్యాల్లో ఉన్నాయి. "నేను బ్రిటిష్, ఆమె నిజాం" అని మామ ఇప్పుడు గర్వంగానే చెప్పుకుంటాడు. అత్తమ్మ దానికి ఏమంటుందో ఇక్కడ రాయడం బాగుండదు.

చరిత్ర పిచ్చి మా నేలకు కొత్త కాదు లెండి. మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివాన్‌గిరీ చేస్తూనే కొమర్రాజు లక్ష్మణరావు శాసనాలు చదివారు, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నడిపించారు, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఆయన శివాజీ చరిత్ర రాశారు. మామ రామయ్యల చరిత్ర రాస్తున్నాడు. తేడా ఏమిటంటే రామయ్యలకు శాసనాలు లేవు.

రామయ్యల్ని గుర్తుపెట్టుకోవడానికి మనకు వేరే మనుషులుండేవాళ్లు. పద్మశాలీలకు పటం విప్పి చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు కిన్నెర పట్టుకొచ్చే డక్కలివాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు. రెడ్ల గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్లకు ఇప్పుడు సర్కారు కాగితాల్లో వంశరాజులని పేరు. మామ వాళ్లింటికీ పంటలొచ్చే రోజుల్లో ఒకాయన వచ్చేవాడు. కళ్లం దగ్గర నిలబడి ఏడు తరాలు ఎత్తుకునేవాడు. అదీ ఉచితం కాదు. వడ్లు కొలవాలి, పాత పంచె అయినా పెట్టాలి. తక్కువ కొలిస్తే మూడో తరం దగ్గర గొంతు పట్టేసేది. ఇంకో నాలుగు మానికలు పోస్తే ముత్తాత పెళ్లిలో ఏనుగు కూడా వచ్చేది. మామ తండ్రి ఆయనతో గంటసేపు బేరమాడేవాడు. "పోయినేడు చెప్పిందే కదా మళ్లీ చెప్పినవ్, సగం చాలు" అనేవాడు. ఆయన "నీ తాత నీలెక్క పిసినారి కాదు" అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు, వడ్లు సంచిలో పడేవి.

మామ అసలు బాధ డబ్బు గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. బేరానికి అవతల మొహం లేదు. ఆయన సర్వీసులోనూ అంతే కదా. ముసలమ్మను టికెట్ అడిగేవాడు నిజమే, కానీ ఆమె శాపనార్థాలు పెట్టేది, పక్కవాళ్లు "పోనీ సార్" అనేవాళ్లు, ఈయన గొణుక్కుంటూ తన జేబులోంచే చిల్లర తీసి కండక్టరు చేతిలో పెట్టిన రోజులున్నాయి. సైటులో "సహాయం" అని ఉన్నచోట నొక్కి మామ తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో, తన పెన్షనెంతో, బీపీ మాత్రలకెంతవుతుందో అంతా రాశాడు. అటునుంచి "మీ ప్రశ్న అర్థం కాలేదు. కింది వాటిలో ఒకటి ఎంచుకోండి" అని వచ్చింది. మనిషి కాదు, మర. మామ అవమానంగా ట్యాబు బోర్లా పెట్టాడు.

రోషంతో సభ్యత్వం రద్దు చేయించాడు. అదొక పెద్ద తతంగం. ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగింది, నిజంగానే వెళ్లిపోతారా అంది, మీ చెట్టు మీకోసం ఎదురుచూస్తుంది అని కూడా అంది. అత్తమ్మ అయినా అన్నిసార్లు ఆపలేదు ఆయన్ని.

వారం తిరగకుండా మెయిలొచ్చింది. తిరిగి రండి, నలభై శాతం తగ్గింపు, మీకోసమే. రెండు రోజులాగి మామ పొద్దున్నే ట్యాబు పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చాడు. మొహంలో పుష్కరాల నుంచి లేని కళ.

"చూసినవా? వచ్చిండు బేరానికి!"

"కట్టేస్తావా మామా?"

"పిచ్చోడివా? ఇప్పుడే కడితే ఎట్ల? మొన్న నలభై అన్నోడు ఇయ్యాల యాభై అంటుండు. దసరా దాటనియ్యి. డెబ్బైకి దిగుతడు."