నా పైనెవరూ లేరండి!

తమ పేరు ఫ్లెక్సీ మీద చూసుకుని మురిసిపోని మహానుభావులెవరైనా ఉంటే ఈ పేజీ తిప్పేయండి. మిగతావాళ్ళం మనలో మనం మాట్లాడుకుందాం.

రాజమండ్రి దేవీచౌక్‌లో కొన్నాళ్ళు నా ఫ్లెక్సీ ఉండేది. నిలువెత్తు బొమ్మ, కట్టుకున్న చేతులు, నవ్వీ నవ్వని మొహం. కింద ‘సీబీటీ మాస్టర్ ట్రైనర్ అండ్ సూపర్‌వైజర్’ అని బంగారు రంగు అక్షరాలు. దాని ముందు ‘ఇంటర్నేషనల్’ అని ఎందుకు చేరిందంటే, ఫ్లెక్సీ షాపు కుర్రాడు “ఇంకా చోటుంది సార్, ఏమన్నా వెయ్యమంటారా?” అన్నాడు. చోటు మిగిలితే ఖాళీగా వదిలేసే వంశం కాదండి మాది.

అసలు నేను కామర్సు లెక్చరర్ని. రిటైరయ్యే ముందు తోచక దూరవిద్యలో సైకాలజీ ఎంఏ కట్టాను. తర్వాత హైదరాబాదులో ఒక హోటల్లో శని, ఆదివారాలు జరిగిన వర్క్‌షాపుకి వెళ్ళాను. శనివారం పొద్దున్న సీబీటీ అంటే ఏ బస్సు కంపెనీయో అనుకున్నవాణ్ణి, ఆదివారం సాయంత్రం గ్రూప్ ఫొటో వేళకి ‘ప్రాక్టీషనర్’నైపోయాను. ఆ పై నెలే టీవోటీ పెట్టారు, అంటే ట్రైనర్లకే ట్రైనింగన్నమాట. దానికీ వెళ్ళాను. ఇంకాస్త రుసుం కడితే సూపర్‌వైజర్ సర్టిఫికెట్టూ ఇస్తామన్నారు. కట్టాను. మీరైతే కట్టేవారు కాదా? నిజం చెప్పండి.

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 1960ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు వేసిన బాట ఇది. దిగులుతో ఉన్న మనిషికి చప్పున ఒక ఆలోచన తోస్తుంది, అదే నిజమనిపిస్తుంది. దానికి రుజువేమిటని అతనే వెతుక్కునేట్టు ప్రశ్నలడగాలి. భయపడే పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి చేయించాలి. బెక్ మరో ముగ్గురితో కలిసి 1979లో డిప్రెషన్ చికిత్స మీద రాసిన పుస్తకం ఈ విద్యకి మూలగ్రంథం లాంటిది. ఆయన నూరేళ్ళు బతికి 2021లో పోయారు. నేను గమనించాల్సిన మాట ఇందులో ఒక్కటే ఉంది. ప్రశ్నలడగాలి. గోదావరి జిల్లాలో పుట్టి, ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడి మాట్లాడినవాడికి ప్రశ్న అడిగి ఊరుకోవడం అంత తేలికా?

హైదరాబాదు నుంచి రాగానే దానవాయిపేటలో హాలు అద్దెకి తీసుకుని నేనూ టీవోటీ మొదలెట్టాను. ఒక హోమియో డాక్టరు, ఒక వ్యాయామం మాస్టారు, ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన ఇద్దరమ్మాయిలు, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు చేరారు. రెండ్రోజుల్లో అందర్నీ ట్రైనర్లని చేసేశాను. సర్టిఫికెట్ మీద అంటించిన బంగారు సీలు చూస్తే మీరు కళ్ళు చికిలించుకోవాల్సిందే. ‘మీ సూపర్‌వైజర్ ఎవరు సార్?’ అని ఒకమ్మాయి అడిగింది. “ఈ రెండు జిల్లాల్లో నా పైన ఎవరున్నారమ్మా?” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో వినిపించిన వినయం ఇప్పటికీ గుర్తుంది.

ఆర్నెల్లు తిరక్కుండానే భీమవరంలో ఆ ఇన్సూరెన్సు ఏజెంటు ఫ్లెక్సీ లేచింది. నా దానికన్నా పెద్దది. దాని మీద ‘గ్లోబల్’. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అరిచాను. “రెండ్రోజుల కోర్సు చేసి ట్రైనరెలా అవుతాడండీ! జనాల మనసులతో ఆటలా? అడిగేవాళ్ళే లేరా ఈ దేశంలో?” మా ఆవిడ బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండా, “ఆ రెండ్రోజులూ చెప్పింది మీరే కదండీ” అంది. జవాబు దొరక్క ఫ్యాను వేగం పెంచాను.

ఆ సంక్రాంతికి మా మేనకోడలు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ మానసిక వైద్య నర్సుగా చేరి, తర్వాత సీబీటీ థెరపిస్టయింది. పూతరేకులు ముందు పెట్టుకుని కూర్చున్నాం. “సూపర్‌వైజర్ అక్రిడిటేషన్‌కి పెట్టుకున్నా మావయ్యా. భయంగా ఉంది” అంది.

“భయమెందుకే? నేనైతే ఒక్క ఆదివారంలో తెచ్చుకున్నా.”

పిల్ల పూతరేకు నోటి దగ్గరే ఆపేసింది. తర్వాత అక్కడి సంగతి చెప్పింది. 1972లో పుట్టిన బీఏబీసీపీ అనే సంఘం ఉందట, గుర్తింపు అదే ఇస్తుంది. ముందు నర్సో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో అయ్యుండడం మామూలు దారి. ఆ పైన థెరపిస్టవడానికి 450 గంటల శిక్షణ కావాలి. 200 గంటలు పేషెంట్లని చూడాలి, దానికి 40 గంటల సూపర్‌విజన్ ఉండాలి. ఎనిమిది కేసులు పూర్తి చేసి చూపించాలి. వాటిలో మూడింటిని రికార్డింగులు వింటూ దగ్గరుండి పరీక్షిస్తారు. ఇదంతా ప్రాక్టీషనర్ అనిపించుకోవడానికే. సూపర్‌వైజరో ట్రైనరో కావాలంటే ఆ గుర్తింపు నిలబెట్టుకుంటూ, పేషెంట్లని చూస్తూనే పైమెట్టుకి అర్జీ పెట్టుకోవాలి. “నేను వేరేవాళ్ళని సూపర్‌వైజ్ చేస్తుంటే ఎలా చేస్తున్నానో చూడ్డానికి నాకింకొకరుంటారు మావయ్యా” అంది. పైవాడికి కూడా పైవాడా! వినడానికే నాకు అవమానంగా అనిపించింది.

“మరి మీ రికార్డింగులెవరు వింటారు?” అనడిగింది.

యూట్యూబు గురించనుకుని “ఏదో, సబ్‌స్క్రైబర్లున్నారు కొంతమంది” అన్నాను.

అక్కడితో లేచి వెళ్ళిపోయుంటే పరువు దక్కేది. కానీ ఫ్లెక్సీ మీద పడ్డవాడికి బుద్ధి అంత తొందరగా రాదు. “నా సెషన్ ఒకటుంది, విను. మీ ఇంగ్లండు వాళ్ళు నేర్చుకోవచ్చు” అన్నాను. పేషెంటు ఒప్పుకుని చేసిన సంతకం ఉందా అని అడిగి, ఆయనకి ఫోను చేయించి మళ్ళీ ఒప్పించాకే వింది. ఇది అచ్చు వేయడానికీ ఆయన సరేనన్నాడు. కొవ్వూరు పెద్దమనిషి. ఆయనకి రోడ్డు కమ్ రైలు వంతెన భయం. 1974లో వేసిన ఆ వంతెన మీకు తెలుసుగా, పైన బస్సులు, కింద రైళ్ళు. సగం దూరం వచ్చేసరికి ఆయనకి గుండె దడ, చెమటలు, చచ్చిపోతాననిపించేదట. అందుకని విజ్జేశ్వరం వెళ్ళి ధవళేశ్వరం ఆనకట్ట మీంచి చుట్టు తిరిగి నా దగ్గరికొచ్చేవాడు.

టేపు మొదలైంది. నా గొంతు. కాసేపాగి నా గొంతు. ఆయన “అదికాదండీ” అన్నాడు, మళ్ళీ నా గొంతు. కాటన్ దొర గురించి చెప్పాను, ఇంజనీర్ల గొప్పతనం చెప్పాను, మా నాన్నగారు ఈదిన గోదావరి చెప్పాను, భయమన్నది మనసులోనే ఉంటుందని చెప్పాను, అదే ఇంకోలా చెప్పాను, మధ్యలో ఎవరిదో ఫోనొస్తే మాట్లాడాను, ఆ మాట్లాడిందాన్నీ ఉదాహరణగా చెప్పాను, ఆయన దగ్గాడు, దగ్గుకి మిరియాల కషాయం చెప్పాను, అంతలో ఆయన సన్నగా “ఇవాళ బస్సులో బ్రిడ్జి మీంచే వచ్చానండి” అన్నాడు, దాని మీద నేను “అదే నేను చెప్పేది, ఎప్పటికైనా రావాలి మీరు!” అన్నాను.

మేనకోడలు టేపు ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ వినిపించింది. ‘ఇవాళ బస్సులో బ్రిడ్జి మీంచే వచ్చానండి.’ ‘అదే నేను చెప్పేది.’

“మావయ్యా, ఆయన వంతెన దాటేశాడు. మీరు వినలేదు.”

అక్కడ 2001 నాటి కొలబద్ద ఒకటి వాడతారట, సీటీఎస్-ఆర్ అంటారు. 12 అంశాలు, ఒక్కోదానికి ఆరు మార్కులు, మొత్తం 72. అందులో 36 వస్తే పాసైనట్టు. దాని మీద నాకు 11 వచ్చాయి. ఆ పదకొండూ మేనకోడలు కనక వేసిందని నా అనుమానం. ‘హోంవర్క్ ఇవ్వడం’ అనే అంశానికి సున్నా ఎందుకేశావే, ఇచ్చాను కదా అన్నాను. ఇచ్చినమాట నిజమే. నా ఫేస్‌బుక్ లైవ్ చూడమని ఇచ్చాను.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే ఓదార్పు కోసం పిల్ల ఒక సంగతి చెప్పింది. 2012లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో మానసిక వైద్యరంగంలో పనిచేసే 129 మందిని ‘తోటివాళ్ళలో మీరెక్కడుంటారు’ అని అడిగారట. పాతిక శాతం మంది తమని తాము పైనుంచి పదో వంతులో పెట్టుకున్నారు. సగటు కన్నా తక్కువని చెప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. చదువుకుని, పరీక్షలు రాసి, పేషెంట్లని చూసేవాళ్ళ సంగతే అది. నేనైతే దేవీచౌక్‌లో నిలబడ్డవాణ్ణి! చెప్పొద్దూ, కాస్త తేరుకున్నాను. ఎవరూ చెవి పెట్టకపోతే అందరం బాగానే పాడతాం కదండీ.

మన దేశంలో సంగతేమిటంటే, 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం క్లినికల్ సైకాలజిస్టుకి రిజిస్టరు పెట్టింది. ఎంఏ తర్వాత బెంగుళూరు నిమ్హాన్స్ లాంటి చోట సీనియర్ల కళ్ళ ముందు రెండేళ్ళు రోగుల్ని చూసి ఎంఫిల్ చేసినవాళ్ళు అందులో ఉంటారు. రిజిస్టర్లో లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2021లో వచ్చిన ఇంకో చట్టం మిగతా సైకాలజిస్టుల్నీ ఒక లెక్కలోకి తెచ్చే దారి వేసింది. ‘సీబీటీ మాస్టర్ ట్రైనర్’ అనే బిరుదుకి మాత్రం ఏ చట్టమూ కాపలా లేదు. షాపు కుర్రాడి దగ్గర చోటుంటే చాలు. ఆ వెయ్యి రూపాయల జరిమానా చూసి మా ఆవిడ, “మీ ఫ్లెక్సీకే అంతకన్నా ఎక్కువైంది” అంది.

ఫ్లెక్సీ దించేశాను. మా తమ్ముడు పట్టుకెళ్ళి కళ్ళంలో ధాన్యం రాశి మీద కప్పాడు. వానకి తడవకుండా పనికొస్తోందట. కొవ్వూరు పెద్దమనిషి ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆ వంతెన మీంచే వస్తున్నాడు. నా వల్ల కాదు, నేనున్నా సరే. మిగిలిన కాస్త భయానికి రిజిస్టర్డ్ సైకాలజిస్టు దగ్గరికి పంపించాను. ఆవిడ మొదటి రోజే ఆయన్ని ముప్పావుగంట మాట్లాడనిచ్చిందని చెప్పి ఆశ్చర్యపోయాడు.

నా దగ్గర టీవోటీ చేసినవాళ్ళకి ఫోన్లు చేశాను. హోమియో డాక్టరు గారు నవ్వి వదిలేశారు. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె మానసిక వైద్యరంగంలో పైచదువుల ఎంట్రన్సుకి చదువుతోంది. భీమవరం ఏజెంటు మాత్రం ఫోనెత్తి, “మీకేం తెలుసండీ సార్, ఈ ఫీల్డులో నా పైనెవరూ లేరు, ఆయ్” అన్నాడు.

ఇక మీతో ఓ మాట. మీకో, మీ ఇంట్లోవాళ్ళకో మనసు బాగోలేక కౌన్సెలరు దగ్గరికి వెళ్తే, ఫీజు ఇచ్చే ముందు ‘మీ పని చూసేదెవరండీ?’ అని మర్యాదగా అడగండి. కోప్పడితే లేచొచ్చేయండి. డబ్బుకి ఇబ్బందైతే 14416కి చెయ్యండి, టెలీమానస్, ప్రభుత్వం నడుపుతోంది, ఉచితం. క్లినికల్ సైకాలజిస్టునని ఎవరైనా చెప్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు చూసుకోండి. నా పేరు కోసం వెతక్కండి, దొరకదు.