రిబ్బన్ మనది, యంత్రం వాళ్లది

బొర్రా గుహల్లో రంగు దీపాలు పెట్టారు. రాయి కాసేపు ఎర్రన, కాసేపు నీలం. జనం సెల్ఫీలు దిగుతారు. స్విచ్ కట్టేస్తే మళ్లీ అదే పాత రాయి. మన ప్రభుత్వాల శాస్త్ర విధానమూ అంతే. దీపాలకు మాత్రం లోటు లేదు.

2025 మే నెలలో అమరావతి క్వాంటమ్ వ్యాలీ దీపం వెలిగింది. ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. పక్కన టీసీఎస్. కట్టడానికి ఎల్ అండ్ టీ. అప్పట్లో పెట్టిన ముహూర్తం 2026 జనవరి 1. అబ్బో! బ్యానర్లు సరే, ఒక్క మాట చెప్పండి. ఇందులో మనం తయారు చేసిందేమిటి? ప్రాసెసర్ ఐబీఎంది. దాన్ని గడ్డకట్టించే శీతల యంత్రమూ మనది కాదు. మనది స్థలం, కరెంటు, శాలువా. రిబ్బన్ కూడా మనదే లెండి. ఇంటికి అద్దెకొచ్చిన డాక్టర్ని చూపించి, మా ఇంట్లో వైద్యం పుట్టిందంటే ఊరుకుంటారా?

క్వాంటమ్ కంప్యూటర్‌కు ఐబీఎంది ఒక్కటే దారి కాదు. తటస్థ పరమాణువుల దారి ఒకటుంది. గాలి తీసేసిన గాజు గదిలో కాస్త రుబీడియం ఆవిరి వదులుతారు. ఆరు వైపుల నుంచి 780 నానోమీటర్ల లేజర్ కొడతారు. పరుగెత్తే పరమాణువు నీరసించి ఆగుతుంది. దాని ఉష్ణోగ్రత పరమ శూన్యానికి డిగ్రీలో లక్షో వంతుల దూరంలోకి దిగుతుంది. తర్వాత సన్నటి కాంతి పట్టకార్లతో ఒక్కొక్క పరమాణువును పట్టి వరుసలో నిలబెడతారు. మరో లేజర్‌తో రిడ్‌బర్గ్ స్థితికి ఎగదోస్తే పక్కవాటి మీద ప్రభావం చూపుతుంది. లెక్క చేసే కిటుకంతా అక్కడే. పరమాణువును చల్లబరిచేది లేజరే కాబట్టి, హెరాన్‌కు కావలసినంత పెద్ద శీతల యంత్రం దీనికి అక్కర్లేదు. కావలసింది కదలని బల్ల, నికరమైన కరెంటు, ఓపికగల విద్యార్థులు, జీతం అందే మాస్టారు.

అందుకే ఇది యూనివర్సిటీ గదుల్లో పుట్టింది. హార్వర్డ్, ఎంఐటీ ల్యాబుల నుంచి 2018లో క్యూఎరా వచ్చింది. పారిస్ దగ్గరి ఆప్టిక్స్ సంస్థ నుంచి 2019లో పాస్కల్ వచ్చింది. 2025లో కాల్టెక్ వాళ్లు 6,100 పరమాణువులను ఒకేసారి పట్టి చూపించారు. అదీ కాలేజీ ల్యాబే!

మనకు చేతకాదా? కాంతితో పరమాణువు గుట్టు విప్పడం వాల్తేరుకు కొత్తా? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగధామరావుగారు వర్ణపట శాస్త్రానికి పేరు తెచ్చిపెట్టారు. రామన్ శిష్యుడు సూరి భగవంతం అక్కడే పాఠాలు చెప్పారు. ఆ వారసత్వాన్ని ఏం చేశాం? దండ వేసి గోడకు తగిలించాం.

2023లో రాష్ట్ర యూనివర్సిటీల్లో 3,220 బోధన పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అది కోర్టు మెట్లెక్కింది. క్లాసులు గెస్ట్ లెక్చరర్ల నెత్తిన పడ్డాయి. లేజర్ కొనాలా? టెండరు పిలవాలి, తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలి. పరమాణువుకు ఎల్-వన్ అంటే తెలియదు మరి, తరంగదైర్ఘ్యం రవ్వంత తప్పితే చిక్కదు. ల్యాబులో కరెంటు పోతే లేజర్ మళ్లీ దారికి రావడానికి పూటలు పడుతుంది. మంత్రిగారి మైకుకు మాత్రం జనరేటర్ ఉంటుంది.

ఢిల్లీ సంగతీ చూడండి. 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్ ప్రకటించారు. నాలుగు కేంద్రాలు: బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ. పేరున్నచోటే పెట్టుబడి. రాష్ట్ర యూనివర్సిటీకి మిగిలింది అవగాహన సదస్సు, టీ, బిస్కెట్టు.

రాష్ట్ర యూనివర్సిటీ ల్యాబులో రేపు కూర్చోవలసిన పిల్ల బొర్రా పంచాయతీలోనే ఉండొచ్చు. ఆ పిల్లకు మనమేం చేశాం? ఇదే బొర్రా గనుల లీజులపై సుప్రీంకోర్టు 1997 జులై 11న సమతా తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవంది. గనుల లాభాల్లో కనీసం 20 శాతం స్థానికుల బడులకు, ఆసుపత్రులకు, నీటికి పక్కన పెట్టమంది. ఆ నిధి ఏ కొండెక్కింది? బొర్రా ఉన్న అల్లూరి జిల్లాలో గర్భిణులను ఇంకా డోలీల్లో మోస్తున్నారు.

గిరిజన విశ్వవిద్యాలయం కథ మరీ కమ్మనిది. హామీ 2014 విభజన చట్టంలో. చట్టం 2019లో. ముందు కొత్తవలస దగ్గర రెల్లి అన్నారు. ప్రభుత్వం మారింది, చోటూ మారింది, దత్తిరాజేరు వైపు జరిగింది. శంకుస్థాపన 2023 ఆగస్టు 25న. హామీకీ రాయికీ మధ్య తొమ్మిదేళ్లు. క్వాంటమ్ యంత్రానికేమో ప్రకటన నుంచి పెట్టుకున్న ముహూర్తానికి ఎనిమిది నెలలు. అద్దె సరుకుకు ఉన్న తొందర మన పిల్లలకు లేదేం బాబూ?

ఈసారి నాయకుడెవరైనా కొండెక్కి క్వాంటమ్ అని నోరు విప్పితే, చప్పట్లు కొట్టకముందే అడగండి: రాష్ట్రంలో ఏ ప్రభుత్వ యూనివర్సిటీ ల్యాబు, ఎవరి చేతులతో, ఎన్ని పరమాణువులను పట్టింది? జవాబు ప్రెస్‌నోట్‌లో వద్దనండి. ల్యాబు గది నంబరుతో చెప్పమనండి.