టంకశోధిని: ఒక పాత కార్నెట్ ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలము

“అరుదైన పాత లండన్ కార్నెట్. పూర్తిగా ఒరిజినల్. స్వల్ప మరమ్మతులు మాత్రమే. నిపుణులచే పునరుద్ధరణ. వయసుకు తగ్గ అందం. వాయించేవారికీ, సేకరించేవారికీ సమానంగా అనువైనది.”

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. కాళిదాసు చెప్పదలచిందంతా మూలంలోనే పెట్టాడు కాబట్టి ఆయనకు ఆ మాట చెల్లింది. నాకు దక్కిన మూలకర్త పాత ఇత్తడి వాద్యాలు అమ్ముకునే ఒక పెద్దమనిషి. ఉన్నదాన్ని దాచి లేనిదాన్ని చెప్పడం ఈయన రీతి. ఈయనకు వ్యాఖ్య రాయాలంటే మూలంలో లేనిదే రాయాలి. మల్లినాథుడు మన్నించుగాక.

ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. దీని పేరు టంకశోధిని. ఎక్కడెక్కడ టంకం పడిందో వెదకడమే దీని పని.

అన్వయము

ఆరు వాక్యాలున్నాయి, క్రియ ఒక్కటీ లేదు. క్రియ లేదు గనుక కర్త లేడు. కర్త లేడు గనుక రేపు నిలదీద్దామన్నా ఎవరూ దొరకరు. ఇంత పకడ్బందీ వాక్యనిర్మాణం నేను ప్రభుత్వ ఉత్తర్వుల్లో తప్ప చూడలేదు.

ప్రతిపదార్థము

అరుదైన = ఇంకా అమ్ముడుపోని. పాత, లండన్, కార్నెట్ = స్పష్టములు. తేలిక మాటలకు పేజీలు నింపి, చిక్కుముడి దగ్గర ‘స్పష్టము’ అని దాటేసే ఆచారం మన బడి టీకల్లో ఉంది. ఇక్కడ దాన్ని తిరగేశాను. కార్నెట్ అంటే పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం ముందువరసలో కనిపించే పొట్టి బూర జాతిది. దానికి 1830ల చివర పారిస్‌లో పెరినే రూపొందించిన రకం పిస్టన్ వాల్వులు మూడుంటాయి. పాఠకుడికి ఇంతకన్నా అక్కర్లేదు.

పూర్తిగా ఒరిజినల్ = ఇక్కడ కూర్చోవాలి.

శంక: ఏనాటి ఒరిజినల్? కార్ఖానా గడప దాటిన నాటిదా, మూలకర్త కొన్న నాటిదా?

సమాధానము: దీనికి ముందు శ్రుతి సంగతి తేల్చుకోవాలి. దారి తప్పుతున్నానని తెలుసు. దారి తప్పడమే వ్యాఖ్యాతకు దక్కే జీతం.

పంతొమ్మిదో శతాబ్దంలో శ్రుతికి ఊరికో లెక్క ఉండేది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఆర్కెస్ట్రాలూ సైనిక బ్యాండ్లూ ‘ఎ’ స్వరాన్ని సెకనుకు సుమారు 452 కంపనాల దగ్గర పట్టేవి. గాయకుల గొంతులు చిరిగాక, 1890ల నడుమ లండన్ కచేరీ ఆర్కెస్ట్రాలు 439కి దిగాయి. 1939లో లండన్‌లోనే జరిగిన అంతర్జాతీయ సమావేశం 440 అని ఖాయం చేసింది. లోకమంతా దిగింది గానీ, ఇంగ్లండులో గనుల దగ్గరా మిల్లుల దగ్గరా పుట్టిన బ్రాస్ బ్యాండ్లు మాత్రం దిగలేదు. మొండితనం కాదది, లెక్క. పోటీ బ్యాండులో పాతికమంది ఉంటారు. ఒకడు కొత్త శ్రుతి వాద్యం కొంటే మిగిలిన ఇరవైనలుగురితో కలవడు. పాతికమందికీ ఒకేసారి కొనాలంటే ఊరు అమ్ముడుపోవాలి. అలా లాక్కొచ్చారు, 1960ల నడుమ వాద్యాల కంపెనీ బూసీ అండ్ హాక్స్ పై శ్రుతి వాద్యాలు చెయ్యడం మానేసేదాకా.

అప్పుడు మొదలైంది కోత. 452కీ 440కీ తేడా ఎంత? షడ్జం నుంచి శుద్ధ రిషభానికి ఉన్న దూరంలో దాదాపు సగం. చెవికి చిన్నది, గొట్టానికి పెద్దది. బి-ఫ్లాట్ కార్నెట్‌లో చుట్టలు విప్పితే సుమారు 137 సెంటీమీటర్ల గొట్టం ఉంటుంది. శ్రుతి అంత దిగాలంటే గొట్టం నూటికి మూడుకు కాస్త తక్కువ పెరగాలి, అంటే నాలుగు సెంటీమీటర్లు. శ్రుతి సరిచేసుకోవడానికి ముందుకూ వెనక్కూ జరిపే U ఆకారపు గొట్టమే ట్యూనింగ్ స్లైడు; దానికి రెండు కాళ్ళు గనుక కాలికి రెండు. అయిదున్నర మీటర్ల బాస్ అయితే పదిహేను సెంటీమీటర్లు. ఉన్నవాళ్ళు పొడవాటి స్లైడు కొన్నారు. లేనివాళ్ళు ఉన్న స్లైడునే కోసి, నడుమ ముక్క పెట్టి, పైన ఇత్తడి కట్టు తొడిగి టంకం వేయించుకున్నారు.

అంతటితో అయిపోలేదు. వాల్వు నొక్కినప్పుడు కలిసే గొట్టాలు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. మూడో వాల్వు అసలు పొడవులో దాదాపు అయిదో వంతు కలుపుతుంది గనుక దాని స్లైడు ఏడు మిల్లీమీటర్లు, కాలికి మూడున్నర చొప్పున పెరగాలి. ఇది తెలిసిన పనివాడు నాలుగు స్లైడులూ పెంచాడు. తెలియనివాడు ముందుది పెంచి ఊరుకున్నాడు, అంగీ పొడిగించి చేతులు వదిలేసిన దర్జీలాగా. అలాంటి కార్నెట్ వాల్వులు నొక్కకుండా ఊదితే శ్రుతిలో ఉంటుంది. మూడు వేళ్ళూ పడగానే పైకి ఎగురుతుంది. కాబట్టి వాద్యాన్ని చేతిలోకి తీసుకున్నవాడు మొదట బూర వెడల్పు నోరైన బెల్ మీది నగిషీ కాదు, స్లైడు కాళ్ళు చూడాలి. కాలి నడుమ అక్కర్లేని కట్టు ఉందా? కట్టుకు అటూ ఇటూ ఇత్తడి రంగు ఒకటేనా? మూడు వాల్వు స్లైడుల మీద కూడా అలాంటి కట్టులున్నాయా?

ప్రతిశంక: పొడవు స్లైడు ఉంటే మార్చినట్టేనా? కాదు. అమెరికా కార్ఖానాలు ఒకప్పుడు ఒకే కార్నెట్‌కు పై శ్రుతి, కింది శ్రుతి స్లైడులు రెండూ పెట్టెలో పెట్టి అమ్మేవి. అవి రెండూ ఒరిజినలే. తేడా పోల్చాలంటే కట్టుల అంచు తీరు, గుబ్బల ఆకారం, పూత రంగు మిగతా వాద్యంతో కలుస్తున్నాయో లేదో చూడాలి. వేమన పద్యాలకు ప్రతులు కూర్చి 1829లో అచ్చువేసిన బ్రౌన్ దొర అయినా చేసిందిదే: చేతిరాత కలిసిందా, భాష కలిసిందా? ప్రక్షిప్తం సిరాలో పట్టుబడుతుంది, ఇత్తడిలో అయితే టంకంలో.

ఇంతకీ ‘పూర్తిగా ఒరిజినల్’ దగ్గర ఉన్నాం కదా. స్లైడు బయటికి తీసి ఒక ఫొటో పంపమని మూలకర్తను అడిగాను. బెల్ ఫొటో ఇంకొకటి వచ్చింది, ఈసారి పట్టుగుడ్డ మీద. స్లైడు మళ్ళీ అడిగాను. ధర కాస్త తగ్గింది. స్లైడు రాలేదు. కాబట్టి ఈ పదం చివర ‘కానిది’ అని అధ్యాహారం చేసికొనవలెను.

స్వల్ప మరమ్మతులు మాత్రమే = ఊదే కొసనుండే గొట్టం, అంటే మౌత్‌పైప్, కొత్తది, నీరు వదిలే మీట కొత్తది, మూడో స్లైడుకు వేలి ఉంగరం కొత్తది, రెండో పిస్టన్ వేరే కార్నెట్‌ది.

ఇది ఎలా తెలిసింది? అనుమాన ప్రమాణం వల్ల. పొగ చూసి నిప్పుందనుకోవడం తర్కంలో మొదటి పాఠం. రెండు గొట్టాల నడుమ ఆనించే చిన్న కడ్డీని బ్రేసు అంటారు. దాని పాదం మెత్తని టంకంతో అంటించి ఉంటుంది. ఊడదీసి ఎంత తుడిచినా ఇత్తడి మీద బూడిద రంగు మరక నిలుస్తుంది, పాదం ఆకారంలోనే. మరక ఉండి కడ్డీ లేకపోతే కడ్డీ ఒకప్పుడుండేది. కడ్డీ ఉండి పక్కనే పాత మరక ఉంటే కడ్డీ జరిగింది. కడ్డీ ఊరికే జరగదు. దాని కింద గొట్టం మారి ఉండాలి. పెట్టిన ఫొటోల్లో ఒకదాంట్లో ఎడమ మూలన అలాంటి అండాకారపు మరక సగం కనిపిస్తోంది. మిగతా సగం మీద మూలకర్త బొటనవేలుంది.

మౌత్‌పైప్ మార్చడం తప్పు కాదు. ఊదేవాడి ఊపిరి తేమకు ఇత్తడిలోని జింకు వెళ్ళిపోయి రాగి మిగులుతుంది. పైకి గులాబీ రంగు మచ్చలు, నడుమ నల్లటి చుక్క తేలతాయి. ఆ దశలో మార్చకపోతే గొట్టం చిల్లుపడుతుంది. పిస్టన్ల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. వాల్వు గదుల మీదా ఉంటాయి. సీరియల్ నంబరు సాధారణంగా రెండో గది మీద. అంకెల అచ్చు ఒకే చేతిది కాకపోతే పిస్టన్ పరాయిది. అదీ తప్పు కాదు. బతికున్న వాద్యానికి ఇవి జరుగుతూనే ఉంటాయి. తప్పల్లా ‘స్వల్ప’, ‘మాత్రమే’ అనే రెండు మాటలది.

నిపుణులచే పునరుద్ధరణ = బఫింగ్ చక్రం.

మూలం మొత్తంలో కర్త అనదగ్గవాడు ఈ ఒక్క తృతీయా విభక్తిలోనే కనిపిస్తాడు. ఆయన చేసిన పని చూడండి. కార్నెట్ బెల్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. దాన్ని తిరిగే చక్రానికి ఆనిస్తే మెరుపు వస్తుంది, ఇత్తడి పోతుంది. మొదట పోయేవి అక్షరాలు. లండన్ వాద్యాల బెల్ మీద కార్ఖానా పేరు, చిరునామా, ప్రదర్శనల్లో వచ్చిన పతకాలు చెక్కి ఉండేవి: బెసన్ అయితే 198, యూస్టన్ రోడ్; బూసీ అయితే 295, రీజెంట్ స్ట్రీట్. బూసీ, హాక్స్ 1930లో కలిసిపోయాయి గనుక ఒంటరిగా బూసీ పేరుంటే వాద్యం అంతకుముందుది. అంటే ఆ అక్షరాలే దాని పుట్టినతేదీ పత్రం. చక్రం దాన్ని నున్నగా నాకేసింది. దాని మీద కొత్త లక్కర్ పూత వేశారు. ఇక్కడ అర్థాపత్తి పనికొస్తుంది: పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడనే. అక్షరాల అంచులు అరిగి, ఆ అరుగుదల మీద పూత చెక్కుచెదరకుండా ఉందంటే ముందు అరిగించి, తర్వాత పూశారనే.

నవ్వు వచ్చే చోటు కాదిది. కోసిన స్లైడు, మార్చిన పైపు, అంటించిన ఉంగరం చదువుకోవచ్చు. ఎవరో ఒక కార్మికుడు శనివారం సాయంత్రం బ్యాండులో ఊదడానికి ఏం చేశాడో అవి చెబుతాయి. చక్రం ఆ టంకం మరకల్ని కూడా తుడిచేస్తుంది. మార్పు వాద్యం చరిత్రలో ఒక పుట. బఫింగ్ ఆ పుటలు చించడం. చించినవాడికి నిపుణుడని పేరు, పుట రాసినవాడికి ‘పాడుచేశాడు’ అని నింద. ఈ వ్యాపారంలో నాకు మండేది ఇక్కడే.

వయసుకు తగ్గ అందం = చిలుము. అలంకారం: వ్యాజస్తుతి. ఇంతగా బఫ్ చేసిన వాద్యానికి చిలుము ఎక్కడ మిగిలిందని అడగవద్దు. చక్రం దూరని సందుల్లో.

వాయించేవారికీ, సేకరించేవారికీ సమానంగా = ఇద్దరికీ కానిది. వాయించేవాడికి మార్పు లాభం, సేకరించేవాడికి నష్టం. 1953లో జాజ్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ ట్రంపెట్ మీద ఎవరో పడి బెల్ వంగిపోయింది. ఊది చూస్తే తన మోత తన చెవికే బాగా వినిపించింది. ఆపైన బెల్ పైకి వంచిన ట్రంపెట్లే చేయించుకున్నాడు. అంటే ప్రమాదం మార్పయింది, మార్పు ఒరిజినల్ అయింది. ఇప్పుడు ఆయన ట్రంపెట్‌ను ఎవరైనా తిన్నగా సాగదీస్తే దాన్నే పాడుచేయడమంటాం. మన బ్యాండు మేళం వాళ్ళకు ఈ గొడవే లేదు. మీరట్‌లోని బ్యాండు వాద్యాల బజారు జలీ కోఠీ నుంచి వచ్చిన బూరకు ఎన్ని మాట్లు పడ్డా వాళ్ళడిగేది ఒకటే: పలుకుతుందా?

తాత్పర్యము

మార్చిన వాద్యం అమ్మడంలో సిగ్గుపడేదేమీ లేదు. ఎక్కడ, ఏమి మార్చారో చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు. మూలకర్త సౌకర్యార్థం పరిష్కరించిన పాఠం ఇక్కడ ఇస్తున్నాను:

“లండన్ కార్నెట్. పై శ్రుతికి పుట్టింది. ట్యూనింగ్ స్లైడు పొడిగించి కిందికి దించారు, వాల్వు స్లైడులు ముట్టుకోలేదు, అందుకే మూడు వేళ్ళూ పడితే శ్రుతి ఎక్కుతుంది. మౌత్‌పైప్, నీటి మీట, వేలి ఉంగరం తర్వాతివి. రెండో పిస్టన్ పరాయిది. నేనే బఫ్ చేయించాను, అక్షరాలు పోయాయి, కొత్త పూత వేయించాను. స్లైడులు తీసి ఫొటోలు పెట్టాను. ధర మొదట చెప్పినదాంట్లో సగం.”

క్రియలున్నాయి, కర్త ఉన్నాడు, అర్థం తిన్నగా ఉంది. చివరి వాక్యం వల్ల కాబోలు, ఈ పాఠం ఏ ప్రతిలోనూ దొరకడం లేదు.