నేను చెప్పిన తలుపే తట్టాలి

నాలో ఒక్క వాక్యం లేదు. ఉన్నవన్నీ అంకెలే. సున్నా నుంచి తొమ్మిది దాకా, అయిదేసి చొప్పున గుంపులు కట్టి, పేజీ నిండా బారులు తీరి ఉంటాయి. ఎడమ నుంచి చదివినా, కింద నుంచి పైకి ఎక్కినా ఏ అర్థమూ తగలదు. ఒక అంకెను చూసి పక్కన ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు. నా అర్హత కూడా అదే. నన్ను యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక అంటారు. చెన్నై సెంట్రల్ స్టేషన్ దగ్గర, మూర్ మార్కెట్ కాలిపోయాక పాత పుస్తకాల వాళ్లు సర్దుకున్న అంగళ్లలో, ఒక స్టాటిస్టిక్స్ పుస్తకం చివరి అనుబంధంలో పడి ఉండేదాన్ని. తొండియార్‌పేట అమ్మాయి ఒకతె ఆ పుస్తకం బేరమాడి కొనుక్కుంది. నా పేజీని టి.హెచ్. రోడ్డులో జిరాక్స్ తీయించి ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుంది. సోషియాలజీ ఎం.ఏ. రెండో ఏడు ప్రాజెక్టు ఆమెది. నా వీధి జీవితం అలా మొదలైంది.

మా వంశం చిన్నదేం కాదు. 1927లో టిప్పెట్ అనే ఇంగ్లండు గణాంకవేత్త జనాభా లెక్కల నివేదికల్లోంచి అంకెలు ఏరి, 41,600 అంకెల పట్టిక అచ్చు వేయించాడు. ఆ నివేదికల్లోని అంకెల్నే విడగొట్టి, కలగలిపి, వాటి అర్థం ఊడబెరికితే మా ముత్తాత పుట్టాడన్నమాట. 1938లో ఫిషర్, యేట్స్ లాగరిథమ్ పట్టికల చివరి స్థానాల నుంచి 15,000 అంకెలు తీశారు. తీరా చూస్తే ఆర్లు కాస్త ఎక్కువయ్యాయి, సవరించుకున్నారు. మరుసటేడు కెండాల్, బాబింగ్టన్ స్మిత్ ఇందుకోసమే ఒక యంత్రం పెట్టి లక్ష అంకెలు రాబట్టారు. 1955లో అమెరికాలో రాండ్ సంస్థ ఏకంగా పది లక్షల అంకెల పుస్తకమే వేసింది.

ఇంత అవస్థ ఎందుకు, ఎవరినైనా కూర్చోబెట్టి నోటికొచ్చిన అంకెలు చెప్పమంటే పోదా? పోదు. మనిషి నోటికి వచ్చేవి మరీ పద్ధతిగా వస్తాయి. ఒకే అంకెను వెంటవెంటనే చెప్పడానికి జంకుతాడు, అన్నిటికీ సమానంగా పంచాలని చూస్తాడు. నాలో ఒకచోట నాలుగు అనే అంకె మూడుసార్లు వరసగా ఉంది, నాకేం సిగ్గు లేదు. ఇప్పుడు ఫోనే ఈ పని చేస్తుందని నాకు తెలుసు. కాని ఆ అమ్మాయి గైడు మేడం పాతకాలపు మనిషి. "ఎన్నో వరస, ఎన్నో నిలువు నుంచి మొదలుపెట్టావో డైరీలో రాసిపెట్టు. రేపు ఎవరైనా కూర్చుని అదే దారిలో వస్తే అవే ఇళ్లు తగలాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

ప్రాజెక్టు సంగతి చెప్పాలి. తొండియార్‌పేట తెలుగు ఇళ్లలో బడికెళ్లే పిల్లలకు తెలుగు చదవడం వచ్చా? ఇంట్లో అవ్వో తాతో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుందా? మొదటిది కొలత, రెండోది పరికల్పన. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు 42.34 లక్షలు, నూటికి 5.87 మంది. అది మాతృభాష తెలుగని చెప్పినవాళ్ల లెక్క, చదవగలిగినవాళ్ల లెక్క కాదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీల వాళ్లు పరీక్షలో మినహాయింపు కోసం కోర్టులకెక్కారు. ఇంత జరిగాక ఇళ్లలో ఏం మిగిలిందన్నది ఆ అమ్మాయి ప్రశ్న. మంచి ప్రశ్నే. జవాబు కోసం మొదట తన పిన్ని ఇల్లు, ట్యూషన్ పిల్లలు, గుడి దగ్గర కలిసేవాళ్లు అని ఒక జాబితా రాసుకుంది. మేడం దాని మీద అడ్డంగా గీత గీశారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కలియబెట్టిన కుండలో అయితే. ఊరిని ఎవరూ కలియబెట్టరు. తెలిసినవాళ్లు ఒకచోట, చదువుకున్నవాళ్లు ఒకచోట, కాశిమేడు రేవుకు పోయేవాళ్లు ఇంకొకచోట అడుగంటి ఉంటారు. కలియబెట్టే పనికే నన్ను పిలుస్తారు.

ఈ ఊళ్లోనే దీనికో పాత కథ ఉంది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయంలో తొలి ఇండియన్ ఎకనామిక్స్ ప్రొఫెసరుగా చేరిన గిల్బర్ట్ స్లేటర్, విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లను పంపాడు. ఎవరికెంత భూమి, ఎవరికెంత అప్పు, ఏం తింటారు అన్నీ రాసుకురమ్మన్నాడు. 1918లో 'సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్' అని పుస్తకం వచ్చింది. అందులోని ఊళ్లకు తర్వాతి తరాల పరిశోధకులు మళ్లీ వెళ్లి మార్పును కొలిచారు. అంత విలువైన పని. అయినా నా వృత్తి బుద్ధి ఊరుకోదు. ఆ ఊళ్లను ఎంచింది ఎవరు? కాలేజీలో చదివే కుర్రాడు పుట్టడమే అవి ఎంపికయ్యే అర్హత. కొడుకును మద్రాసులో కాలేజీకి పంపగలిగిన ఇల్లు ఒక్కటీ లేని ఊరు ఆ పుస్తకంలోకి ఏ దారిన వస్తుంది? ఆ ఊళ్ల గురించి పుస్తకం చెప్పింది నమ్ముతాను. దక్షిణాది ఊళ్లన్నిటి గురించీ చెప్పిందంటే నమ్మను.

సంఖ్య పెంచితే సరిపోతుందనుకునేవాళ్లకు 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల కథ చెప్తుంటారు. లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు తీసింది టెలిఫోను, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. పైగా జవాబు రాసే ఓపిక ఉన్నవాళ్లే రాశారు. ఇటుపక్క లెక్క చూడండి. సరిగ్గా, యాదృచ్ఛికంగా తీసిన 400 మందిని అడిగితే వచ్చే శాతం అసలు శాతానికి అయిదు అటూ ఇటూలో ఉంటుంది, నూటికి తొంభై అయిదు సందర్భాల్లో. ఆ తేడాను సగం చేయాలంటే 1,600 మంది కావాలి. చెన్నై జనం 46 లక్షలైనా కోటి అయినా ఈ లెక్క దాదాపు మారదు. చాలామందికి ఇది మింగుడుపడదు. ఆ అమ్మాయికీ పడలేదు. వర్గమూలాలు వేసుకుని చూశాకే ఒప్పుకుంది. ఇళ్లను గుంపులుగా తీస్తే తేడా ఇంకాస్త పెరుగుతుందని మేడం మార్జిన్‌లో రాశారు.

మరి ఇళ్లు ఎంచడానికి జాబితా ఎక్కడిది? తొండియార్‌పేట ఉన్న ఆర్.కె. నగర్ నియోజకవర్గం ఓటర్ల జాబితా. బూత్‌ల వారీగా ఉంటుంది. ముందు నాతో కొన్ని బూత్‌లను తీయించింది, తర్వాత ఒక్కో బూత్‌లో ఇళ్లను. ఇక్కడో చిక్కు. జాబితాలో వరస నంబర్లు ఓటర్లవి, ఇళ్లవి కావు. నేను ఓటరు నంబర్లు చెప్పుకుపోతే ఆరు ఓట్లున్న ఇల్లు ఒక్క ఓటున్న ఇంటికంటే ఆరు రెట్లు సులభంగా చిక్కుతుంది. మన ప్రశ్నేమో అవ్వలున్న పెద్ద కుటుంబాల గురించి! అందుకని ఇళ్లకు కొత్తగా నంబర్లు వేసుకోవాల్సి వచ్చింది. చెన్నై ఇళ్లకు పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి. ఒకే గుమ్మం రెండుచోట్ల కనిపిస్తుంది. ఆ గొడవకే ఆమెకు చాలా రాత్రులు పట్టాయి. పుస్తకాల్లో ఈ పని గురించి రెండు వాక్యాలుంటాయి.

ఆపైన నా పని తేలిక. ఒక బూత్‌లో 640 ఇళ్లు అనుకోండి. కళ్లు మూసుకుని పెన్సిలు నా మీద పెట్టాలి. ఆగినచోటు నుంచి మూడేసి అంకెలు చదవాలి. 731 వచ్చిందా, అలాంటి ఇల్లు లేదు, వదిలెయ్యి. 208 వచ్చింది, రాసుకో. 015 వచ్చింది, పదిహేనో ఇల్లు. మళ్లీ 208 వస్తే వదిలెయ్యి. అంతే. 208వ ఇంట్లో ఎవరుంటారో, తెలుగో తమిళమో, నాకు తెలియదు. ఓటర్ల జాబితాలో భాష రాయరు, పేర్లు చూసి పోల్చుకోవడమూ ఈ ఊళ్లో కుదరదు. తలుపు దగ్గరే ముందు మాతృభాష అడిగి, తెలుగు కాకపోతే దండం పెట్టి కదలాలి.

అసలు పరీక్ష వీధిలో మొదలైంది. హౌసింగ్ బోర్డు బ్లాకులో మూడో అంతస్తు ఇల్లు నేను చెప్పాను. తాళం. ఎదురింటామె గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమ్మా, వెయ్యి రూపాయల ఫారమా?" అని అడిగింది. ప్రభుత్వం ఆడవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు సంగతి.

"కాదక్కా, కాలేజీ ప్రాజెక్టు. పిల్లల చదువు గురించి."

"వాళ్లు పొద్దున్నే పోతారు, రాత్రికిగానీ రారు. మా ఇంట్లో రాసుకోరాదా? మేమూ తెలుగోళ్లమే. మా అవ్వ కూడా ఉంది, కాఫీ ఇస్తాను రా."

తెలుగు ఇల్లు, అవ్వ, బడికెళ్లే పిల్లలు, పైన కాఫీ. ఆ అమ్మాయి ఫోల్డర్ తెరిచి నన్ను చూసింది. నేనేం మాట్లాడను, నా మీద ఉన్నది ఆ తాళం వేసిన ఇంటి నంబరు. పగలు ఇంట్లో ఉండే కుటుంబాలు వేరు, భార్యాభర్తలిద్దరూ పనికిపోయి పిల్లలు ట్యూషన్ నుంచి ట్యూషన్‌కు తిరిగే కుటుంబాలు వేరు. మొదటివాళ్లతో రెండోవాళ్ల ఖాళీని పూడ్చేస్తే, అవ్వ పక్కన లేని పిల్లలు లెక్కలోంచే మాయమవుతారు. అమ్మాయి కాఫీ తాగింది, ఫారం మాత్రం నింపలేదు. ఆదివారం రాత్రి మళ్లీ వచ్చింది. ఆ మధ్యలో వాళ్లమ్మ ఎన్నిసార్లు సణిగిందో: "ఎదురింటోళ్లను అడిగితే ఏం పోయింది? ఎవరు చూడొచ్చారు?"

ప్రశ్నల గురించి నాకంత తెలియదు గానీ, ఫోల్డర్‌లో నా పక్కనే ఉన్న ప్రశ్నావళి పాట్లు చూశాను. మొదటి ప్రతిలో "మీ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం వచ్చా?" అని ఉండేది. రెండు ప్రశ్నలు ఒకే గొంతుతో అడిగితే జవాబు దేనికో తెలియదు. పైగా తెలుగమ్మాయి గుమ్మంలో నిలబడి తెలుగులో అడిగితే రాదని ఏ తల్లి చెప్తుంది? అందరూ వచ్చన్నారు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో చేసినట్టు, పిల్లవాడి చేతికే కాగితమిచ్చి చదివించమన్నారు మేడం. కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, రెండు మూడు వాక్యాలు. ఒక పిల్ల 'అమ్మ' అని గడగడా చదివి, 'గుర్రం' దగ్గర ఆగి నవ్వింది. వాళ్లమ్మ మొహం చిన్నబోయింది. ఆ మొహాన్ని ఏ గడిలోనూ రాయలేం, కొలత మాత్రం కొలతలా మారింది.

ఫారాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. తల్లి ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష: తెలుగు 1, తమిళం 2, ఇంగ్లీషు 3. కంప్యూటర్‌కు మొహమాటం లేదు, సగటు అడిగితే భాషల సగటు కూడా తీసిచ్చేస్తుంది. 1.7 అంటే ఏ భాష? ఆ అంకెలు పేర్లకు బదులు పెట్టినవి, కూడదగ్గవి కావు. చదివే స్థాయిల్లో క్రమం ఉంది, కాని అక్షరానికీ మాటకీ మధ్య దూరం, మాటకీ వాక్యానికీ మధ్య దూరం సమానమని ఎవరూ అనలేరు. 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వవేత్త కొలతలను ఇలా నాలుగు రకాలుగా విడదీశాడు. ఇప్పటికీ మొదటి ఏడాది పాఠం అదే.

చివరికి రెండు వరసలు, రెండు నిలువులు ఉన్న చిన్న పట్టిక తయారైంది: అవ్వో తాతో ఉన్న ఇళ్లు, లేని ఇళ్లు, చదివిన పిల్లలు, చదవనివాళ్లు. ఏ సంబంధమూ లేకపోతే ఒక్కో గడిలో ఎంతమంది ఉండాలో లెక్కగట్టి, ఉన్నదానికీ దానికీ తేడా చూడాలి. కార్ల్ పియర్సన్ 1900లో చెప్పిన కై-స్క్వేర్ ఇదే. ఇలాంటి పట్టికలో విలువ 3.84 దాటితే, కేవలం శాంపిల్ ఆటుపోట్ల వల్ల అంత తేడా రావడం నూటికి అయిదుసార్ల కంటే తక్కువ. దాటింది. ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. మేడం మాత్రం "అవ్వ వల్లే అని ఎలా చెప్తావు?" అన్నారు. అవ్వ ఉన్న ఇంటికి నెల్లూరు వైపు రాకపోకలు ఎక్కువేమో, సెలవులకు పిల్లలు అక్కడికి పోతారేమో. అవ్వకు తెలుగు చదవడం రాకపోతే ఏమంటావు? అప్పుడు ఆ రెండు రకాల అవ్వలనూ విడదీసి మళ్లీ లెక్క వేయాల్సి వచ్చింది. గడుల్లో మనుషులు పలచబడ్డారు, తేడా అంత స్పష్టంగా నిలవలేదు. రిపోర్టులో "సంబంధం కనిపించింది" అని రాసింది, "కారణం" అన్న మాట కొట్టేసింది. ఆ కొట్టివేత నాకు కై-స్క్వేర్ కంటే గొప్పగా కనిపించింది.

నా జాతి పని గురించి పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన సి.ఆర్. రావు, 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అన్న పుస్తకానికి 'పుటింగ్ ఛాన్స్ టు వర్క్' అని ఉపశీర్షిక పెట్టారు. యాదృచ్ఛికతను పనిలో పెట్టుకోవడం. నేను కూలికి వచ్చినదాన్నే, కాదనను. కాని నాకు అప్పజెప్పిన జాబితాలోనే పనిచేస్తాను.

వైవా ముందు మేడం అడిగిన ప్రశ్న ఆ జాబితా మీదే. అద్దెకుండి, ఓటు ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంచుకున్న కుటుంబాలు ఆర్.కె. నగర్ జాబితాలో ఉండవు. నిరుడో మొన్నో వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలు అక్కడి బడిలో తెలుగు చదివి వచ్చి ఉంటారు. అంటే తెలుగు బాగా చదవగల పిల్లలే ఎక్కువగా జారిపోయారు, అసలు శాతం మన శాతం కంటే పైనే ఉండొచ్చు. అమ్మాయి దీన్ని చివరి పేజీలో 'పరిమితులు' కింద ఒక వాక్యంగా రాసింది. "అక్కడ కాదు, శాంపిల్ ఎలా తీశావో చెప్పిన చోటే రాయి, తప్పు ఏ వైపు ఉందో కూడా రాయి" అన్నారు మేడం. తర్వాత ఇంకో మాట అన్నారు: జాతీయ శాంపిల్ సర్వే వాళ్లు ఎంచుకున్న బ్లాకులో ముందు తామే ఇల్లిల్లూ తిరిగి జాబితా రాసుకుంటారు, ఒక్క బూత్ పరిధిలో అయినా మనమూ అలా రాసి, ఓటర్ల జాబితాతో పోల్చి చూద్దాం.

అమ్మాయి పొడవాటి నోటు పుస్తకం కొనుక్కొచ్చి, మొదటి పేజీలో వీధి పేరు, పాత నంబరు, కొత్త నంబరు, అంతస్తు, వంటిళ్లు ఎన్ని అని గళ్లు గీసింది. నన్ను ఫోల్డర్‌లో అడుక్కి నెట్టింది. ఆ పుస్తకం నిండేదాకా నాతో పనిలేదు.