పాసైన సంవత్సరం

నాకు అమెరికా పౌరసత్వం 2005లో వచ్చింది. వచ్చిన నెలలోనే తమ్ముడి పేరు మీద పిటిషన్ వేశాను. పౌరులు తమ తోబుట్టువుల కోసం వేసే ఈ రకాన్ని ఎఫ్4 అంటారు. ప్రపంచం మొత్తానికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలు, అందులో మళ్ళీ దేశానికింత అని పరిమితి. మన దేశం వరస ఎంత పొడుగో చెప్పనక్కర్లేదు. అప్పటికి తమ్ముడి వయసు 33. విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో మా తేదీ ఎప్పుడొస్తుందా అని ఏళ్ళ తరబడి చూశాం. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి పిలుపు 2024లో వచ్చింది. అప్పటికి వాడికి 52. పిటిషన్ వేసేదాకా నన్ను నిద్రపోనివ్వని అమ్మ ఈలోగా వెళ్ళిపోయింది. పెద్దమ్మాయికి 21 దాటి, పెళ్ళి కూడా అయిపోవడంతో ఆ పిల్ల హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. తమ్ముడు భార్యనీ చిన్నవాణ్ణీ తీసుకుని డల్లాస్‌లో దిగాడు.

ఆ వయసులో ఎందుకొచ్చాడని మా చుట్టాల్లో చాలామంది అడిగారు. చిన్నవాడి చదువు కోసం వచ్చాడు. ఇంకెవరికీ సమాధానం చెప్పాల్సిన పని లేదు.

వాడు ఉత్త చేతులతో వచ్చినవాడేమీ కాదు. తెనాలిలో బీకాం చదివి, హైదరాబాద్ వెళ్ళి, చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, చివరికి మాదాపూర్‌లో ఒక ఆఫీసులో కుదురుకున్నాడు. ఇక్కడి కంపెనీలకు కాంట్రాక్టు మీద మనుషుల్ని వెతికిపెట్టే ఆఫీసు అది. అక్కడంతా రాత్రి పనే. ఇక్కడ మధ్యాహ్నం రెండైతే అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట. ఆ రాత్రులన్నీ మేలుకుని, ఒక్కో మెట్టే ఎక్కి, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పే విభాగానికి పెద్ద అయ్యాడు. వందలమంది వాడి చేతుల మీదుగా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. "ఇరవై ఏళ్ళు ఇక్కడ కూర్చుని అమెరికాకే పని చేశానక్కా. అక్కడికొస్తే పని దొరకదా?" అన్నాడు బయల్దేరే ముందు. నాకూ అదే ధైర్యం. పైగా దిగీదిగగానే గ్రీన్ కార్డు. ఎమ్మెస్ చదివిన మన పిల్లలు ఓపీటీ గడువు లెక్కపెట్టుకుంటూ, హెచ్1బీ లాటరీలో పేరు రావాలని మొక్కుకుంటూ ఉంటే, వీడు ఎవరి దగ్గరైనా, ఏ కాగితమూ అడగకుండా చేరిపోవచ్చు.

మొదటి నెలల్లో వాడి ఉత్సాహం చూడాలి. డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. మా గరాజ్‌లో ఉన్న పాత కారుకి తనే బ్యాటరీ వేయించుకున్నాడు. రెజ్యూమెను ఇక్కడి పద్ధతికి మార్చాడు. ఫొటో లేదు, తండ్రి పేరు లేదు, పుట్టిన తేదీ లేదు. "మన పేపర్లలో చూడు, వయసు 35 లోపు అని ప్రకటనలోనే వేసేస్తారు. ఇక్కడ అలా వేస్తే ఊరుకోరు" అన్నాడు. 1967లో చేసిన చట్టం గురించి నాకు వివరంగా చెప్పింది వాడే. 40 నిండినవాళ్ళని వయసు చూసి తీసుకోకపోవడం చట్టవిరుద్ధం. 20 మందీ, అంతకు పైనా పనిచేసే ప్రతి సంస్థకీ అది వర్తిస్తుంది. ఏ మాట అడగొచ్చో, ఏది అడిగితే కేసవుతుందో, దరఖాస్తులో ఏ గడి ఉండకూడదో వాడికి కంఠతా వచ్చు. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్న నాకు అందులో సగం కూడా తెలియదు.

దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాడు. రిక్రూటింగ్ కోఆర్డినేటర్, వెండర్ మేనేజ్‌మెంట్, ట్రైనింగ్, ఏది చూసినా వాడు చేసిన పనే. జవాబులు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు వచ్చేవి. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ఇతర అభ్యర్థులతో ముందుకు వెళ్తున్నాం. కొన్ని అర్ధరాత్రి రెండింటికి కూడా వచ్చేవి. ఆ వేళప్పుడు ఏ మనిషి కూర్చుని వాడి ఇరవై ఏళ్ళ అనుభవం చదివాడు?

మరదలికి ముందు పని దొరికింది. మన తెలుగువాళ్ళ కర్రీ పాయింట్‌లో పొద్దున్నే కూరలు తరగడంతో మొదలుపెట్టి, రెండు నెలల్లో గుత్తివంకాయ, గోంగూర పచ్చడి తన చేతి మీదుగానే బయటికి వెళ్ళేంతదాకా వచ్చింది. వయసెంత అని ఆమెను ఎవరూ అడగలేదు. రుచి చూశారు, చేర్చుకున్నారు. వాడు కూడా ఖాళీగా కూర్చోలేక ఒక ఇండియన్ స్టోర్‌లో చేరాడు. లారీలోంచి సోనా మసూరి సంచులు దింపడం, బెండకాయల పెట్టెలు సర్దడం, సాయంత్రం కౌంటర్. టెక్సస్‌లో కనీస వేతనం 2009 నుంచీ కదల్లేదు, ఇప్పటికీ గంటకి 7.25 డాలర్లే. వాడికి అంతకంటే కొంచెం ఎక్కువ ఇచ్చేవారు. నడుం నొప్పితో ఇంటికి వచ్చి, స్నానం చేసి, మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఆ పని తక్కువదని నేననను. ఆ సంచి దించేవాడు లేకపోతే ఈ ఊళ్ళో మన పొయ్యిలు వెలగవు. కానీ ఇరవై ఏళ్ళు నేర్చుకున్న పనిని ఒక మనిషి చేత పక్కన పెట్టించడం అన్యాయం. ఆ అన్యాయం నా కళ్ళ ముందే జరుగుతోంది.

వాడి తొందరకి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలన్నా, 65 దాటాక మెడికేర్‌లో ఆసుపత్రి భాగం ప్రీమియం లేకుండా దొరకాలన్నా 40 క్రెడిట్లు కావాలి. ఎంత సంపాదించినా ఏడాదికి నాలుగే. అంటే తక్కువలో తక్కువ పదేళ్ళు పని చెయ్యాలి. ఇరవైల్లో వచ్చిన మాలాంటివాళ్ళకి ఆ లెక్క ఎప్పుడు పూర్తయిందో కూడా గుర్తుండదు. 52లో దిగినవాడికి ఏ ఏడాది జారిపోయినా పింఛను ఒక ఏడాది వెనక్కి పోతుంది. స్టోర్ జీతంతో క్రెడిట్లు పడతాయి, నిజమే. కానీ పింఛను ఎంతొస్తుందో జీతాన్ని బట్టే కదా.

ఒక సంగతి నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకి పూర్తి పింఛను వయసు 67 అని ఈ దేశ ప్రభుత్వమే నిర్ణయించింది. అప్పటిదాకా పని చెయ్యగలరనే కదా అర్థం? నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ఉంది. రక్తం స్లైడు చూసి ఆవిడ పట్టుకున్న తేడాని ముప్పై ఏళ్ళ పిల్లలు పట్టుకోలేకపోవడం నేను చూశాను. మరి 52 ఏళ్ళ మనిషికి పని చేతకాదని ఎవరు పరీక్ష పెట్టి తేల్చారు?

దరఖాస్తులకి జవాబు రాకపోయినా, ఫోన్లు మాత్రం వచ్చేవి. న్యూజెర్సీ నంబరో, కాలిఫోర్నియా నంబరో కనిపించేది. ఎత్తితే కెవిన్, శామ్, జెస్సికా. గొంతు మాత్రం గుంటూరుదో వరంగల్‌దో, ఎవరికైనా తెలిసిపోతుంది. వెనక ఇంకో పాతికమంది ఒకేసారి మాట్లాడుతున్న రొద. పాపం, అర్ధరాత్రి నిద్ర మానుకుని పనిచేస్తున్న మన పిల్లలే. అడిగే ప్రశ్నలూ ఒకే వరసలో. వర్క్ ఆథరైజేషన్ ఏమిటి, ఏ ఊరు, గంటకి రేటెంత, డబ్ల్యూ2 మీదా సీ2సీ మీదా, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, పుట్టిన నెలా తేదీ. పుట్టిన సంవత్సరం ఎవరూ అడగరు. గ్రీన్ కార్డు అనగానే అవతలి గొంతులో హుషారు వచ్చేది. చివర్లో ఒక ప్రశ్న మిగిలేది. "డిగ్రీ ఏ సంవత్సరంలో పాసయ్యారు సర్?"

ఆ ప్రశ్న దగ్గర వాడు ఒక్క క్షణం ఆగేవాడు. ఆ తర్వాత "1993" అనేవాడు. అవతల కీబోర్డు చప్పుడు వినబడేది. మా మేనేజర్‌తో మాట్లాడి మళ్ళీ చేస్తాం అని ఎంతో మర్యాదగా పెట్టేసేవారు. మళ్ళీ ఎవరూ చేసేవారు కాదు.

"ఒరేయ్, ఆ సంవత్సరం చెప్పడం మానెయ్యరాదూ?" అన్నాను ఒకరోజు.

"చెప్పకపోతే సబ్మిషనే జరగదక్కా. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలనివ్వదు."

"పోనీ 2003 అని చెప్పు."

"వెరిఫికేషన్‌లో పట్టుకుంటారు."

"నీకు ఇవన్నీ ఎలా తెలుసురా?"

"తెలుసులే" అని లేచి వెళ్ళిపోయాడు. ఉద్యోగం దొరకని చికాకు అనుకున్నాను. ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు.

ఒక శనివారం వాణ్ణి గుడికి తీసుకెళ్ళి తిరిగొస్తుండగా ఫోన్ మోగింది. వాడిది నా కారుకి కలిపి ఉండటంతో స్పీకర్‌లోనే వచ్చింది. శనివారం కూడా పని చేయిస్తున్నారంటే అర్జెంటు రిక్వైర్‌మెంట్ అన్నమాట. కెవిన్ అట. ప్లేనోలో పెద్ద కంపెనీ, ఏడాది కాంట్రాక్టు, కాంట్రాక్టు మనుషుల్ని తెచ్చే వెండర్లందర్నీ సమన్వయం చేసే ఉద్యోగం. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. వర్ణన చదువుతుంటే అచ్చంగా మా వాడి కోసమే రాసినట్టుంది. రేటు కూడా కుదిరింది. చివరి నాలుగు అంకెలు, నెల, తేదీ అయిపోయాయి. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

"ఇయర్ ఆఫ్ పాసింగ్, సర్?"

"1993."

కీబోర్డు చప్పుడు వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడు కెవిన్ ఇంగ్లీషు వదిలేశాడు.

"సార్... మీరు మాదాపూర్‌లో మాకు ట్రైనింగ్ ఇచ్చిన సారేనా? గొంతు విన్నప్పట్నుంచీ అనుకుంటున్నాను. నేను 2017 బ్యాచ్ సార్. ఖమ్మం. మాక్ కాల్‌లో నాకు ఇంగ్లీషు రాక ఏడిస్తే, మీరే రోజూ అరగంట కూర్చోబెట్టి మాట్లాడించారు సార్."

తమ్ముడి ముఖం వెలిగిపోయింది. అన్ని నెలల్లో వాడి గొంతు అంత తెరిపిగా నేను వినలేదు. "నువ్వా! ఎలా ఉన్నావురా? అమ్మ ఆరోగ్యం బావుందా? ఇంకా నైట్ షిఫ్టేనా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. కుర్రాడికి పెళ్ళయిందట, పాపట, ఇప్పుడు టీమ్ లీడట. మీరు లేకపోతే నాకీ బతుకు లేదు సార్ అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి ఇరవై ఏళ్ళ పని ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి దగ్గర భద్రంగా ఉంటుంది అనుకున్నాను.

"నా రెజ్యూమె చూశావుగా? సరిపోతుందంటావా?"

"మీకంటే ఎవరు సరిపోతారు సార్ దీనికి!"

"అయితే పంపించరా బాబూ. ఆర్టీఆర్ మెయిల్ పెట్టు, ఇప్పుడే ఓకే అని జవాబిస్తా."

కెవిన్ గొంతు తగ్గిపోయింది. "పంపలేను సార్. గడి ఎర్రగా అయిపోయింది."

తమ్ముడు మాట్లాడలేదు. నేను ఉండబట్టలేక "ఏ గడి బాబూ?" అన్నాను.

"మేడమ్... సార్‌కి తెలుసండి. ఆ షీటు సార్ తయారు చేసిందే. పాసైన సంవత్సరంలోంచి 22 తీసేస్తే పుట్టిన సంవత్సరం వస్తుందండి. 45 దాటితే గడి దానంతటదే ఎర్రగా అవుతుంది. వయసు అడిగితే కేసవుతుంది, పాసైన సంవత్సరం అడిగితే అవదు అని మాకు మొదటి రోజు క్లాసే అదండి. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌లకి సార్ పేరు చెప్పే నేర్పుతున్నాం."

నేను కారు పక్కకి తీసి ఆపాను. తమ్ముడు ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఎర్రగా అయ్యాక ఎంతసేపు మాట్లాడాలని చెప్పానురా?"

"ఒక్క నిమిషం సార్."

"దాటిపోయిందిగా."

"దాటింది సార్. ఉంటాను సార్. మీరు చెప్పినట్టే, రిమార్క్స్‌లో కారణం ఏమీ రాయను సార్."